హైడ్రోఫోన్‌లో హోరు: ఫిల్టర్ కంటే ముందు కేబుల్ చూడండి

రిమోట్ పడవకి హైడ్రోఫోన్ (నీళ్లలో శబ్దం వినే మైకు) వేలాడదీస్తే వేగంతోపాటు హోరు పెరుగుతోందని, సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెట్టినా పోవట్లేదని అడిగారు. హైదరాబాద్‌లో ఎంటెక్ ప్రాజెక్టు చేసేటప్పుడు నేనూ ఇక్కడే ఇరుక్కున్నాను. ఈతకొలను గట్టు మీద నేను హైడ్రోఫోన్‌ని తాడుతో లాగుతూ నడిస్తే, ఫ్రెండ్ ల్యాప్‌టాప్ చూసేవాడు.

ఫ్రీక్వెన్సీ గ్రాఫ్‌లో సరిగ్గా 50 హెర్ట్జ్ దగ్గర గునపంలా ఒక పీక్. మన కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా 50 హెర్ట్జే కదా, దాని హమ్మే (గుయ్‌మనే రొదే) అనుకుని వారం రోజులు ఎర్తింగ్‌తో కుస్తీ పట్టాం. చార్జర్ పీకేశాం, కొలను పంపు ఆపించాం. ఊహూ. ఒకరోజు కాలునొప్పితో సగం వేగంలో నడిచాను. పీక్ 25కి దిగింది. నా కాలునొప్పి కరెంటుకెలా తెలుస్తుంది? దోషి కేబుల్! నీళ్లు దాన్ని దాటేటప్పుడు వెనక సుడులు అటొకటి ఇటొకటి విడిపోతూ దాన్ని వణికిస్తాయి. వేగాన్ని కేబుల్ మందంతో భాగించి, సుమారు 0.2తో గుణిస్తే ఆ వణుకు ఫ్రీక్వెన్సీ వస్తుంది. మాది 4 మిల్లీమీటర్ల కేబుల్, సెకనుకి 1 మీటరు వేగం. లెక్క చూసుకోండి. కేబుల్ పొడవునా పురికొసని మెలికలుగా చుట్టాక పీక్ దాదాపు పోయింది.

మిగిలిన హోరు సంగతి వేరు. అది ఎక్కణ్నుంచో వచ్చే ధ్వని కాదు, హైడ్రోఫోన్ ముఖాన్ని రాసుకుంటూ పోయే సుడుల ఒత్తిడి. అవి నీటి వేగంలో దాదాపు 0.7 వంతుతో కదులుతాయి. అంటే మా వేగంలో 100 హెర్ట్జ్ దగ్గర సుడి సైజు 7 మిల్లీమీటర్లు. అదే 100 హెర్ట్జ్ ధ్వని తరంగం నీళ్లలో 15 మీటర్లు. ఫ్రీక్వెన్సీ ఒకటే కాబట్టి మీ ఫిల్టర్ రెంటినీ విడదీయలేదు. కానీ సుడి ఒత్తిడి, అది రాసుకునే పైపొర నుంచి సెంటీమీటరు లోపలికే చాలావరకు చచ్చిపోతుంది, ధ్వని మాత్రం దాటుకొస్తుంది. ఓడల్లో సోనార్‌ని (ధ్వనితో నీటి కింద ఏముందో కనిపెట్టే పరికరాన్ని) డోమ్ అనే తొడుగు లోపల, పైపొరకి ఎడంగా పెట్టడానికి ఇదొక కారణం.

అందుకే మేం రాణీగంజ్‌లో మెత్తటి పాలియురేథేన్ గొట్టం కొని, హైడ్రోఫోన్ లోపల పెట్టి ఆముదం నింపాం. నవ్వకండి, సోనార్లలో ఆముదం వాడకం పాతదే. ధ్వనికి అది ఇంచుమించు నీళ్లలాగే ఉంటుంది. మొదటిసారి గాలిబుడగలు మిగిలిపోయి అసలు సిగ్నలే సన్నగిల్లింది. ఆముదం గోరువెచ్చగా చేసి పోసి, గొట్టాన్ని రాత్రంతా నిలబెట్టి ఉంచితే సరిపోయింది. ముందు కొన గుండ్రంగా ఉండాలి. టేపు అంచు కాస్త లేచినా అక్కడ కొత్త సుడులు పుడతాయి.

ఇవన్నీ చేసేముందు పడవ మోటార్ ఆపేసి, గట్టు నుంచి తాడుతో అంతే వేగంగా లాగి చూడండి. హోరు బాగా తగ్గిందంటే తప్పు మోటార్‌దో ప్రొపెల్లర్‌దో. ఆముదం ఖర్చు మిగిలినట్టే.