టెక్ సందేహాలు: మంచు రేసు మధ్యలో నెమ్మదిస్తోంది!

ప్రశ్న: సోనీ చేతి గేమ్ యంత్రం పీఎస్‌పీ కోసం వచ్చిన రేసు ఆట ‘మోటార్‌స్టార్మ్: ఆర్కిటిక్ ఎడ్జ్’ను ఆండ్రాయిడ్ ఫోన్లో పీపీఎస్‌ఎస్‌పీపీ ఎమ్యులేటర్‌తో (వేరే యంత్రం ఆటల్ని ఫోన్లో నడిపే యాప్) ఆడుతున్నా. కాసేపటికి బండ్లు నెమ్మదిస్తున్నాయి, శబ్దం గరగరమంటోంది. వేగం పెంచే బూస్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఇంజిన్ పేలిపోతోంది. ఎమ్యులేటర్ లోపమా?

జవాబు: ఇంజిన్ పేలడం లోపం కాదు. 2009లో వచ్చిన ఈ ఆటలో బూస్ట్ పట్టుకున్నకొద్దీ ఇంజిన్ వేడెక్కి మీటర్ పెరుగుతుంది, అది నిండితే బండి పేలుతుంది. అంతకుముందే వదిలేయండి. మంచులోనో నీళ్లలోనో నడిపితే ఇంజిన్ త్వరగా చల్లబడుతుంది కాబట్టి బూస్ట్ అక్కడ వాడుకోవడం లాభం. బరువైన బండ్లకు కొన్ని మంచు వంతెనలు కూలిపోతాయి, పెద్ద ట్రక్కుతో వాటి జోలికి వెళ్లకండి.

నెమ్మదించడానికి కారణం మాత్రం ఫోనే. పీఎస్‌పీ తెర 480×272 పిక్సెళ్లు. రెండరింగ్ రిజల్యూషన్ (బొమ్మను ఎంత వివరంగా గీయాలన్న సెట్టింగు) 5 రెట్లు పెడితే అడ్డం, నిలువు రెండూ 5 రెట్లై ఒక్కో ఫ్రేముకు 25 రెట్ల పిక్సెళ్లు గీయాలి. మొదట నెట్టుకొస్తుంది, ఫోన్ వేడెక్కాక ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది. ఆట వేగం 100 శాతం కన్నా పడిపోగానే ఆడియో సమయానికి అందదు, ఆ గరగర అదే.

గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 2 రెట్లకు దించండి, బ్యాకెండ్‌ను (బొమ్మ గీసే పద్ధతి) వల్కన్‌కు మార్చి యాప్‌ను మళ్లీ తెరవండి. పాత ఫోన్లో వల్కన్‌తో యాప్ మూతపడుతుంటే మరో పద్ధతి ఓపెన్‌జీఎల్‌కే తిరిగి రండి. వేగం శాతం తెరమీద కనపడేలా పెట్టుకుని కనీసం 15 నిమిషాలు ఆడి చూడండి. చల్లటి ఫోన్లో రెండు నిమిషాలు చూసి తేల్చేస్తే మోసపోతాం. అప్పటికీ పడిపోతుంటే 1 రెట్టుకు దించండి. ఫ్రేమ్ స్కిప్పింగ్ (కొన్ని ఫ్రేములను గీయకుండా దాటేయడం) ఆఖరి మార్గమే, దాంతో మలుపులో స్టీరింగ్ అంచనా తప్పుతుంది. బఫర్ ఎఫెక్ట్స్‌ను (తెరమీద వేసే కొన్ని అదనపు దృశ్య ప్రభావాలు) వదిలేసే ఆప్షన్ వేగం పెంచినా బొమ్మను పాడుచేయొచ్చు. ఛార్జింగ్ పెట్టి ఆడటం మానితే వేడి బాగా తగ్గుతుంది.

సేవ్ స్టేట్ (ఆటను ఉన్నచోటే ఎమ్యులేటర్ భద్రపరిచేది) మీదే ఆధారపడకండి, ఎమ్యులేటర్ వెర్షన్ మారితే అది తెరుచుకోకపోవచ్చు. ఆటలోని సేవ్‌నే వాడి, పీఎస్‌పీ ఫోల్డర్‌లోని సేవ్‌డేటాను అప్పుడప్పుడు కాపీ చేసుకోండి.

ప్రశ్న: పాత పీఎస్‌పీ-3000 వెనక మూత సరిగా పట్టడం లేదు. వాడొచ్చా?

జవాబు: బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. వెంటనే తీసేయండి, గుచ్చొద్దు, మళ్లీ ఛార్జ్ చేయొద్దు, ఈ-వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి. బ్యాటరీ లేకుండానే 5 వోల్టుల అడాప్టర్‌తో ఆడుకోవచ్చు. కొత్తది కొంటే 1200 ఎంఏహెచ్ రకం తీసుకోండి. పీఎస్‌పీ-1000కు వచ్చే 1800 ఎంఏహెచ్ బ్యాటరీ లావుగా ఉంటుంది, మీ మూత పట్టదు.