బాగా పనిచేసే మనిషి ఉన్నట్టుండి మౌనంగా మారితే

మీ టీమ్‌లో ఎప్పుడూ ముందుండే ఒకరు రెండు నెలలుగా డల్‌గా ఉన్నారని, పని మాత్రం ఆగలేదని, ఇది మామూలు అలసటా లేక బర్నౌటా (పని ఒత్తిడితో మనిషి లోలోపల ఖాళీ అయిపోవడం), లీడ్‌గా ఏం చేయాలని అడిగారు. ఈ ప్రశ్న ఆరేళ్ల క్రితం నేను ఎవరినైనా అడగాల్సింది. అడగలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో నేను కస్టమర్ సపోర్ట్‌లో పదకొండు మంది టీమ్‌ని చూసుకునేదాన్ని. అందులో ఒకతను మీటింగ్‌లో ఏ కొత్త రూల్ చెప్పినా "ఇది కుదరదు మేడమ్, ఎందుకంటే..." అని మొదలుపెట్టేవాడు. నాకు ఒక్కోసారి విసుగొచ్చేది కానీ చాలాసార్లు అతను చెప్పిందే నిజమయ్యేది. ఎప్పుడో ఆ వాదన ఆగిపోయింది. ఏం చెప్పినా "సరే మేడమ్, చేసేస్తాను" అనడం మొదలైంది. మనిషి కుదురుకున్నాడని నేను సంతోషించాను. చెప్పి లాభం లేదని అతను ఆశ వదిలేసుకున్నాడన్నది నాకు తట్టనే లేదు.

ఆనవాళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి. కస్టమర్ పాత ఫిర్యాదు కూడా గుర్తుపెట్టుకుని, పేరు పెట్టి జవాబు రాసేవాడు కాస్తా రెడీమేడ్ జవాబులు అతికించడం మొదలుపెట్టాడు. "వీళ్లకెంత చెప్పినా అంతే" అనేవాడు. ఒక సాయంత్రం అతని సీటు పక్కనుంచి వెళ్తుంటే స్క్రీన్ మీద రెండు లైన్ల మెయిల్ తెరిచి ఉంది. నేను పైఫ్లోర్‌కి వెళ్లి పావుగంట తర్వాత వచ్చాను. అదే మెయిల్, చేతులు కీబోర్డు మీదే, ఒక్క అక్షరం కూడా పడలేదు. "ఏమైనా ఇబ్బందా?" అంటే ఉలిక్కిపడి "ఏం లేదు మేడమ్, రాస్తున్నా" అన్నాడు.

నెలాఖరుకు టికెట్ల (అంటే పరిష్కరించాల్సిన కస్టమర్ ఫిర్యాదుల) లెక్క మాత్రం సరిగ్గా వచ్చింది. పగలు కానిది రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని పూర్తి చేసేవాడని తర్వాత తెలిసింది. మీరు "పని మాత్రం ఆగలేదు" అన్నారు చూడండి, నాకు అక్కడే గుండె కలుక్కుమంది. బాగా పనిచేసే వాళ్ల విషయంలో పని దెబ్బతినడం చిట్టచివర జరుగుతుంది. దానికంటే ముందే నిద్ర, ఇల్లు, ఆరోగ్యం దెబ్బతింటాయి.

నేను చేసిందల్లా వారం రోజులు లీవ్ ఇవ్వడం. అతను లేని వారంలో అతని పని ఎవరూ చేయలేదు, అంతా అలాగే పేరుకుపోయి ఎదురుచూసింది. తిరిగొచ్చిన రెండో రోజుకే ముఖం మళ్లీ మొదటికొచ్చింది. మూడో వారంలో రాజీనామా పెట్టాడు. లీవ్ ఇవ్వడం తప్పు కాదు. కానీ అలసిన మనిషిని వారం పక్కన కూర్చోబెట్టి, అలసిపోయేలా చేసిన పనిలోకే మళ్లీ పంపాను.

ఆ తర్వాత కూర్చుని చదివాను. బర్నౌట్ అన్న మాటను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త వాడుకలోకి తెచ్చారు. ఉచిత క్లినిక్‌లో మనసుపెట్టి పనిచేసే వలంటీర్లే మెల్లగా ఖాళీ అయిపోవడం ఆయన గమనించారు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే మరో మనస్తత్వవేత్త దీన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. అందులో మూడు అంశాలుంటాయి: ఒంట్లో, మనసులో శక్తి అయిపోవడం, పని మీదా మనుషుల మీదా విరక్తి, నేనేం చేసినా ప్రయోజనం లేదన్న భావన. అలసటను అందరం గుర్తిస్తాం. విరక్తి దగ్గరే పొరబడతాం, దాన్ని పొగరనో నిర్లక్ష్యమనో అనుకుని మనిషిని ఇంకా దూరం పెడతాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను తన కొత్త వ్యాధుల వర్గీకరణలో జబ్బుగా కాకుండా వృత్తి సంబంధమైన పరిస్థితిగా చేర్చింది. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చేదని నిర్వచించింది. ఇది చదివాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. మనిషి బలహీనత కోసం వెతకడం మానేసి పనిని చూడాలి.

మామూలు అలసటైతే రెండు రోజులు బాగా నిద్రపోతే తేలికపడుతుంది. బర్నౌట్‌లో సెలవు రోజు కూడా రేపటి పని గురించిన టెన్షన్‌తోనే గడుస్తుంది. పనితో సంబంధం లేని వాటిమీద కూడా ఇష్టం పోయిందంటే, నిద్ర, తిండి పూర్తిగా చెడిపోయాయంటే అది డిప్రెషన్ కావచ్చు. దాన్ని మీరూ నేనూ తేల్చలేం, డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

రెండేళ్ల తర్వాత ఇంకొకామెలో అదే మౌనం చూశాను. ఈసారి "ఎలా ఉన్నారు?" అని అడగలేదు, ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "బాగున్నా" అనే వస్తుంది. "మీ చేతిలోంచి ఈ వారం ఒక పని తీసేయాలంటే ఏది తీయమంటారు?" అని అడిగాను. అప్పటికేమీ చెప్పలేదు. రెండు రోజులకు ఒక కాగితం తెచ్చింది. తను చేసే పనులు ఇరవై మూడు ఉన్నాయి. అందులో ఏడు నాకు తెలియనే తెలియవు, ఎవరో మానేసినప్పుడల్లా ఆమె మీద పడినవి. వాటిలో ఒకటి శనివారం రిపోర్ట్. అది ఎవరికి వెళ్తుందో కనుక్కుంటే, చదివే మనిషి ఎప్పుడో వేరే టీమ్‌కి మారిపోయారు. దాన్ని ఆ రోజే ఆపేశాం. ఇంకో నాలుగు పనులు వేరేవాళ్లకు పంచాను, రాత్రి కాల్స్‌ని ఇద్దరి మీద నుంచి తీసి ఐదుగురికి వంతులు వేశాను.

మా పైవాళ్లు ఒప్పుకోలేదు మొదట. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన అంచనాను వాళ్ల ముందుపెట్టాను. దానికంటే, ఆమె మానేస్తే కొత్త మనిషికి నేర్పడానికి ఎన్ని నెలలు పడుతుందో లెక్క చూపించడమే పనిచేసింది.

నన్ను నేను కూడా మార్చుకోవాల్సి వచ్చింది. రాత్రి పదకొండుకు మెయిల్ పంపి "రేపు చూడండి, తొందరేం లేదు" అని రాసేదాన్ని. లీడ్ పేరు ఫోన్‌లో మెరిస్తే రేపటిదాకా ఆగే మనిషి ఉంటారా? ఇప్పుడు రాసినా, పొద్దున వెళ్లేలా పెడతాను.

ఆమె మామూలు మనిషి కావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక మీటింగ్‌లో నేనేదో చెప్తుంటే మధ్యలో ఆపి "అలా కుదరదండి" అంది.

మీరు ఈ వారమే ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఇద్దరే ఉన్నప్పుడు, అప్రైజల్ మాట ఎత్తకుండా అడగండి. ఏ పని పేరు చెప్తే దాన్ని ఆ వారంలోనే తీసేయండి, కుదరకపోతే ఎందుకు కుదరలేదో చెప్పండి. బతకాలనిపించడం లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెంట వెళ్లండి.