వెలగని దీపాన్నే ముందు అనుమానించు

చి. మాధవికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు 2013 నాటి కారు కొన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెన్నై వేళచ్చేరి నుంచి నెల్లూరు వెళ్లి రావడానికి అది చాలు. కొత్తది కొనలేదని ఎవరైనా మూతి విరిస్తే పట్టించుకోకు. అయితే ఏసీ చల్లగా ఉంది, పాటలు బాగా వినిపిస్తున్నాయి అని నువ్వు పంపిన సందేశంలో బెల్టుల గురించి గానీ ఎయిర్‌బ్యాగుల గురించి గానీ ఒక్క మాటా లేదు. ఉద్యోగమంతా బీమా సర్వేయరుగా గుద్దుకున్న కార్ల మధ్యే గడిపినవాణ్ణి, నా చూపు అటే పోతుంది.

ఏసీ పాడైతే చెమట పడుతుంది. బ్రేకు అరిగితే కీచుమంటుంది. ప్రాణం కాపాడే సామాను అలా కాదు. అది పాడైపోయి ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఉండగలదు. దానితో పనిపడేది ఒక్కసారే కాబట్టి ముందుగా మనమే వెతికి చూసుకోవాలి.

బెల్టుతో మొదలుపెట్టు. డ్రైవరు సీటు బెల్టును ఇంక రాదు అన్నంతవరకు బయటికి లాగు. రోజూ మనకు కనిపించేది కొంత భాగమే, అసలు సంగతి లోపల చుట్టుకున్న భాగంలో ఉంటుంది. అంచుల్లో పీచు లేచిందా, ఎక్కడైనా కోసుకుపోయిందా చూడు. తర్వాత భుజం దగ్గర బెల్టు దూరి వచ్చే ప్లాస్టిక్ లూపు మీద వేలితో తడిమి చూడు. కారు గట్టిగా గుద్దుకుంటే మనిషి బరువంతా బెల్టు మీద పడుతుంది, ఆ రాపిడికి ప్లాస్టిక్ కరిగి గీతలు పడతాయి. బెల్టు మీద కూడా అదే చోట నున్నగా మెరిసే చార మిగులుతుంది. “బెల్టు పెట్టుకునే ఉన్నాం సార్” అని ఎంత ఒట్టేసినా మేం ముందు చూసేది ఆ లూపునే. నీ కారులో ఆ చార కనిపిస్తే, అమ్మినవాళ్లు ఏం చెప్పినా, అది ఒకసారి దెబ్బతిన్న బండే. ఆ బెల్టు మార్చాల్సిందే.

బెల్టు నీరసంగా వెనక్కి వెళుతుంటే ఎక్కువసార్లు కారణం మురికే. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కలిపి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే లోపలికి వదులు. బ్లీచింగ్ వద్దు, చుట్టలో నూనె అసలే వద్దు. ముందు సీట్ల బెల్టుల్లో చాలావరకు చిన్న పేలుడు మందు ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో అది బెల్టును బిగించి మనిషిని సీటుకు అదిమి పట్టుకుంటుంది. ఒకసారి పేలితే దాని పని అయిపోయినట్టే. కొన్ని కార్లలో పేలిన తర్వాత బకిల్ కాడ కిందికి దిగిపోతుంది. అందుకే రెండు సీట్ల బకిల్స్ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో పోల్చి చూడు.

ఇక వెనక సీటు. కవర్లు కుట్టించినవాళ్లు బకిల్స్‌ను సీటు కిందికి తోసేసి పైన రెక్సిన్ పరిచేస్తారు. చెయ్యి దూర్చి వాటిని బయటికి తీయించు. మీ అత్తగారు చీర నలుగుతుందంటే మీ ఆయన చేత చెప్పించు. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీని చంక కిందికి లాక్కోవడం ప్రమాదం. వెనక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే ఆ బరువు నేరుగా ముందు కూర్చున్నవారి వీపు మీదే వచ్చి పడుతుంది. వెయ్యి రూపాయల జరిమానా దాని ముందు ఎంత? బెల్టు పెట్టుకోకున్నా అలారం మోగకుండా పెట్టే ఉత్తుత్తి క్లిప్పు కారులో దొరికితే పారెయ్యి. 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని ఆన్‌లైన్ అంగళ్ల నుంచి తీసేయమని ఆదేశించింది.

స్టీరింగ్ ముందు మీటర్ల దగ్గర ఉండే ఎయిర్‌బ్యాగు దీపం సంగతి జాగ్రత్తగా చదువు. తాళం తిప్పగానే అది వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే ఏదో లోపం ఉందని కారే నీకు చెబుతోంది, అది నయం. అసలు వెలగకపోతేనే నాకు భయం. అమ్మే ముందు బల్బు పీకేసినవాళ్లను, మరో దీపంతో కలిపేసినవాళ్లను చూశాను. బ్యాగు ఉండాల్సిన చోట రెసిస్టరు అనే చిన్న కరెంటు ముక్క తగిలించి కంప్యూటర్‌నే బురిడీ కొట్టించేవాళ్లూ ఉన్నారు. అందుకని కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఏ తప్పూ చూపలేదంటే నమ్మేయకు. స్టీరింగ్ మధ్య మూత, ఎడమవైపు డ్యాష్‌బోర్డు మిగతా ప్లాస్టిక్ రంగుతో కలుస్తున్నాయా, అతుకు తేడాగా ఉందా చూడు. హారన్ కూడా ఉండి ఉండి మూగబోతోందంటే స్టీరింగ్ లోపలి చుట్ట తీగ తెగి ఉండవచ్చు, డ్రైవరు ఎయిర్‌బ్యాగుకు కరెంటు వెళ్లేదీ దానిగుండానే. సీటు కింద ఎయిర్‌బ్యాగులకు, బెల్టులకు వెళ్లే పసుపు కనెక్టర్లు ఉంటే ఊడ్చేటప్పుడు వాటిని లాగకు. వాటిని ముట్టుకోవాలంటే ముందు బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, అది మెకానిక్ పని. ఆ తీగలకు టెస్టర్ పెట్టే మెకానిక్ అయితే వెంటనే బయటికి వచ్చెయ్యి.

వేళచ్చేరిలో ఉంటున్నావు కాబట్టి వరద నీళ్ల సంగతీ చెప్పాలి. 2015 డిసెంబరు వరదల నాటికి నీ కారు వయసు రెండేళ్లు, 2023లో మిచౌంగ్ తుపాను వచ్చేనాటికి పదేళ్లు. ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె చాలా కార్లలో గేరు దగ్గర, నేలను ఆనుకునే ఉంటుంది. సీటు వరకు నీళ్లొస్తే అదీ మునిగినట్టే. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింది ఒండ్రు చూడు. ఇందాక బెల్టు పూర్తిగా లాగమన్నాను కదా, లోపలి భాగం మీద అడ్డంగా మట్టి మరక ఉందేమో అప్పుడే తెలుస్తుంది. కారు కడిగించేవాళ్లు అంతవరకు లాగి తుడవరు.

టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల గురించి విన్నావా? వాటిని ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ చెడి, పేలినప్పుడు లోహపు ముక్కలను మనిషి మీదికి విసిరేది. హోండా, టొయోటాతో సహా అనేక కంపెనీలు ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచాయి, 2017లో టకాటా దివాలా తీసింది. వేడీ తేమా మన చెన్నైకి కొత్తవి కావు. ఛాసిస్ నంబరు చెబితే నీ కారు ఆ జాబితాలో ఉందో లేదో కంపెనీ వాళ్లు చెబుతారు, ఉంటే ఉచితంగా మారుస్తారు.

ముందు అద్దం ఎప్పుడైనా మార్చారా అని అడుగు. చాలా కార్లలో ఎడమవైపు ఎయిర్‌బ్యాగు ఉబ్బేటప్పుడు ఆ అద్దాన్నే ఆనుకుంటుంది. నాసిరకం జిగురుతో అతికించిన అద్దం ఊడిపోతే బ్యాగుకు ఆసరా ఉండదు. అన్నట్టు, బుజ్జిగాడిని ఒళ్లో పెట్టుకొని ముందు సీటులో కూర్చోవడం ఈ రోజుతో ఆపు. వెనక సీటులో పిల్లల కుర్చీ బిగించు. నువ్వు కూడా స్టీరింగ్‌కు రొమ్ము కనీసం 25 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా కూర్చో.

ముందు బంపరుకు ఇనుప కమ్మీలు ఉంటే ఊడదీయించు. 2017 డిసెంబరులో కేంద్రం వాటిని వద్దన్నది ఊరికే కాదు. అవి దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తాయి, ఎయిర్‌బ్యాగు సెన్సర్ల లెక్క కూడా తప్పవచ్చు. తలుపుల కింది అంచును సుత్తి పిడితో తట్టి చూడు, సముద్రపు గాలికి తుప్పు లోపలి నుంచి తింటుంది. ఎదురుగా గుద్దించి చూసే పరీక్ష మన దేశంలో 2017 అక్టోబరు నుంచే తప్పనిసరి అయింది, అదీ అప్పటి కొత్త మోడళ్లకు. నీ కారు అంతకు ముందుది. ఉన్న బలాన్ని తుప్పుకు వదలకు.

పుదుపేట పాత సామాన్ల అంగళ్లలో తలుపు పిడి కొనుక్కో, పక్క అద్దం కొనుక్కో. బెల్టు, ఎయిర్‌బ్యాగు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా కొనకు. అవి ఏ బండి నుంచి ఊడి వచ్చాయో నీకు చెప్పేవారు లేరు. వాటికి కంపెనీ సామానే. ఖరీదు ఎక్కువైతే అలాయ్ చక్రాల ఆలోచన మానుకో, సరిపోతుంది.

బ్రేకు నూనె రెండేళ్లకోసారి మార్పించు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది ఏబీఎస్, దాని దీపానికీ ఎయిర్‌బ్యాగు దీపానికి చెప్పిన పరీక్షే. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ వయసు టైర్లతో నెల్లూరు దారిలో తడ దాటాక వేగం పెంచకు.

ఆర్సీ మీది ఛాసిస్ నంబరు, తాళం తిప్పినప్పటి దీపాల వీడియో, టైర్ల అంకెలు ఈ వారంలోనే పంపు. టైర్లంటే ఐదు, స్టెప్నీని మరిచిపోకు.

మీ పెద్దనాన్న,
పెరంబూరు