మీది ఉపేక్షా, ఉదాసీనతా?

ప్రశ్న: నాకు ఇరవై మూడేళ్లు. పీజీ ఆఖరి సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. రెండేళ్ల కిందట పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చాక మనసు పూర్తిగా బౌద్ధం వైపు తిరిగింది. పంచశీలాలు తీసుకున్నాను, తాగకూడదన్నది వాటిలో ఒకటి. పొద్దున గంట, రాత్రి ఎనిమిదింటికి గంట కూర్చోవాలని నియమం పెట్టుకున్నాను. ధ్యానం యాప్‌లో వరసగా 112 రోజులు లెక్క వచ్చింది. చివర్లో కొన్ని రాత్రులు కునికిపాట్లు పడుతూ కూడా, లెక్క పోకూడదని కూర్చున్నాను. పోయిన నెల ప్రాజెక్టు హడావుడిలో ఒక రాత్రి తప్పిపోయింది. లెక్క మళ్లీ ఒకటికి వచ్చేసింది. అప్పట్నుంచి పట్టు తప్పింది. పడుకునే ముందు రీల్స్ చూస్తూ రెండు గంటలు పోగొడుతున్నాను. సీనియర్ల వీడ్కోలు పార్టీలో ఒక గ్లాసు తాగాను కూడా. నేనొక నకిలీ బౌద్ధుణ్ని అనిపిస్తోంది. ఒక్క మార్పు మాత్రం నిజంగా వచ్చింది: ఇప్పుడు నన్నేదీ కదిలించదు. ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేస్తే కట్ చేస్తాను, ఆమె ఏడ్చినా చలించను. రూమ్మేట్‌ని పెంచిన నాయనమ్మ చనిపోతే, 'అంతా అనిత్యం, పట్టుకుని వేలాడకు' అన్నాను. అతను నాతో మాటలు తగ్గించేశాడు. దానికీ నాకు బాధ లేదు. ఈ కాలంలో నిజాయితీగా సాధన చేయడం కుదరదేమో. చదువు మానేసి భిక్షువునైపోనా? వెనక్కి లాగుతున్నది ఎడ్యుకేషన్ లోన్ ఒక్కటే.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పులని మీరు వరసపెట్టి రాసినవాటిలో నన్ను కంగారు పెట్టినదేమీ లేదు. సాధించానని రాసిన ఆ ఒక్కదాని దగ్గరే ఆగిపోయాను. దాని సంగతి కొంచెం ఆగి మాట్లాడతాను. ముందు ఆ 112 గురించి.

నిద్ర తూలుతూ కూర్చున్న ఆ రాత్రులు మీరు ఎవరి కోసం కూర్చున్నారు? యాప్ కోసం. ఆ అంకె మీ సాధనని కొలవలేదు, మీరు ఫోన్ తెరిచిన రోజుల్ని లెక్కపెట్టిందంతే. అంకె పడిపోగానే సాధన కూడా పడిపోయిందంటే, అప్పటికే అది అంకె మీద నిలబడి ఉందన్నమాట. ఆ యాప్ తీసేయండి. టైమ్ చూసుకోవడానికి మామూలు అలారం గడియారం చాలు.

బుద్ధుడి కాలంలోనే మీలాంటి విద్యార్థి ఒకడున్నాడు. పేరు సోణుడు, బాగా కలిగినవాళ్ల పిల్లవాడు. రాజగృహం దగ్గరి అడవిలో నడక ధ్యానం ఎంత పట్టుదలగా చేశాడంటే పాదాలు పగిలి నెత్తురు కారింది. అయినా ఏమీ ఒనగూడలేదు. 'ఇంత చేసినా రాలేదు, ఇంటికిపోయి ఉన్న ఆస్తి అనుభవిస్తూ దానధర్మాలు చేసుకుంటే పోదా' అనుకున్నాడు. మీరు ఇల్లు వదిలి వెళ్లాలనుకుంటున్నారు, అతను ఇంటికి వెళ్లాలనుకున్నాడు. వెళ్లే దిక్కు వేరు, అలసట ఒకటే. అతను అంతకుముందు వీణ వాయించేవాడు. బుద్ధుడు వచ్చి అడిగింది వీణ గురించే. తీగ బిగిస్తే పలికిందా? వదులైతే పలికిందా? ఈ కథ చాలామందికి తెలుసు, 'మధ్యస్థంగా ఉండాలి' అని తల ఊపి ఊరుకుంటారు. నాకు నచ్చేది ఇంకొకటి. ఇన్ని గంటలు కూర్చో అని బుద్ధుడు సోణుడికి అంకె చెప్పలేదు. తీగ సరిగ్గా ఉందో లేదో వాయించేవాడి చెవికి తెలియాలి. పరీక్షల నెలలో మీ తీగ ఇరవై నిమిషాల దగ్గర పలుకుతుందేమో. సెలవుల్లో గంట పట్టొచ్చు.

ఇక 'నకిలీ' అన్న మాట. ధ్యానానికి అడ్డుపడే అయిదు నీవరణాల గురించి శిబిరంలో వినే ఉంటారు: కామచ్ఛందం, వ్యాపాదం, థీనమిద్ధం, ఉద్ధచ్చకుక్కుచ్చం, విచికిత్స. కోరిక, ద్వేషం, నిద్రమత్తు, సందేహం అందరికీ గుర్తుంటాయి. నాలుగోదాన్ని 'చంచలత్వం' అని సగమే గుర్తుపెట్టుకుంటారు. రెండో సగం కుక్కుచ్చం. అంటే చేసినదాన్ని, చేయనిదాన్ని తలుచుకుని లోలోపల నలిగిపోవడం. ఈ నెల రోజులుగా మీరు చేస్తున్నది అదే. చిత్తశుద్ధి ఉంది కాబట్టే ఇంత బాధపడుతున్నానని మీరు అనుకుంటున్నారు. గ్రంథాలు దాన్ని బద్ధకం, ద్వేషంతో పాటు అడ్డంకుల జాబితాలోనే వేశాయి.

గ్లాసు సంగతీ అంతే. శీలం తీసుకునేటప్పుడు పాళీలో 'వేరమణీ సిక్ఖాపదం సమాదియామి' అన్నారు కదా. సిక్ఖాపదం అంటే శిక్షణలో ఒక మెట్టు. 'ఈ శిక్షణ నేను తీసుకుంటున్నాను' అనడమే అందులో ఉంది. దేవుడికి ఇచ్చిన మాట తప్పడం, శిక్ష పడటం లాంటివేమీ లేవు. తప్పింది, మళ్లీ తీసుకోండి. కాకపోతే ఆ గ్లాసు ఎందుకు తాగారో మాత్రం చూసుకోండి. తాగాలనిపించా, వద్దంటే ఎగతాళి చేస్తారనా? రెండోదైతే మీరు నేర్చుకోవాల్సింది నలుగురిలో 'వద్దు' అనడం. అదేమో కళ్లు మూసుకుంటే వచ్చేది కాదు.

ఫోన్ గురించి. బుద్ధుడి ఉపదేశాల సంకలనం సంయుత్త నికాయంలో ఆరు జంతువుల పోలిక ఉంది. పాము, మొసలి, పక్షి, కుక్క, నక్క, కోతి. ఆరింటికీ తాళ్లు కట్టి, ఆ తాళ్లన్నీ కలిపి ఒకే ముడి వేస్తే పాము పుట్టకి లాగుతుంది, మొసలి నీళ్లలోకి, పక్షి ఆకాశానికి, కుక్క ఊళ్లోకి, నక్క శ్మశానానికి, కోతి అడవికి. ఏది బలంగా లాగితే మిగతావి దాని వెనక ఈడ్చుకుపోతాయి. మనసుతో కలిపి ఆరు ఇంద్రియాల సంగతి అది. అదే గట్టి గుంజకి కడితే ఎంత లాగినా చివరికి అలిసి, ఆ గుంజ దగ్గరే పడుకుంటాయి. ఆ గుంజ శరీరం మీద ఎరుక. రాత్రి పదకొండింటికి దిండు మీద ఫోన్ పెట్టుకుని 'చూడకూడదు, చూడకూడదు' అనుకోవడం గుంజ లేకుండా కోతిని బతిమాలడం. ఫోన్ గదిలో అవతలి మూల ఛార్జింగ్‌లో పెట్టి వచ్చి పడుకోండి. చేయి దానికోసం తడుముకుంటుంది. ఆ తడుముకోవడాన్ని చూడండి, భుజంలో ఎక్కడ మొదలవుతుందో చూడండి. అదే మీ ఆ రాత్రి సాధన. దానికి గంట అక్కర్లేదు.

ఈ కాలంలో సాధన కుదరదన్నారు. ఉ బా ఖిన్ పేరు వినే ఉంటారు. 1899లో పుట్టిన బర్మా మనిషి, అకౌంట్స్ ఆఫీసులో ఉద్యోగి. 1937లో ధ్యానం మొదలుపెట్టాడు. నేర్పిన సయా తెట్‌జీ కూడా భిక్షువు కాదు, పొలం దున్నుకునే గృహస్థు. 1948లో స్వతంత్ర బర్మాకి అకౌంటెంట్ జనరల్ అయినా ఉ బా ఖిన్ సాధన వదల్లేదు. ఆఫీసులో పనిచేసేవాళ్లకీ నేర్పాడు. 1955లో ఆయన దగ్గరికి వచ్చిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా వల్లే ఈ పది రోజుల శిబిరాలు లోకమంతా వ్యాపించాయి. ఫైళ్లు, గడువులు, పైఅధికారులు వాళ్లకీ ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, శాక్యుడైన మహానాముడికి బుద్ధుడు చెప్పింది ఇదే: నడుస్తున్నా, కూర్చున్నా, పనిలో ఉన్నా, ఇంటినిండా పిల్లలున్నా స్మరణ సాగించమని. పిల్లలు నిద్రపోయాక మొదలుపెట్టమనలేదు.

ఇప్పుడు నేను ఆగిపోయిన చోటికి వస్తాను.

ఏదీ కదిలించడం లేదని రాశారు. దాన్ని ఉపేక్ష అనుకుంటున్నారు. బౌద్ధంలో ఉపేక్ష అంటే నిర్లక్ష్యం కాదు, తొణకని సమచిత్తం. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమార్గంలో మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష ఒక్కోదానికీ ఇద్దరు శత్రువుల్ని చెప్పాడు. ఒకడు దూరపు శత్రువు, చూడగానే తెలిసిపోతాడు. ఇంకొకడు దగ్గరి శత్రువు, ఇంట్లోవాడిలాగే కనిపిస్తాడు. ఉపేక్షకి దూరపు శత్రువులు రాగద్వేషాలు. దగ్గరి శత్రువు, తెలియనితనంలోంచి వచ్చే పట్టనితనం. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. ముఖం ప్రశాంతంగా ఉంటుంది, గొంతు పెరగదు. తేడా ఒక్కటే. ఉపేక్ష ఉన్నవాడు ఎదుటివాడి దుఃఖాన్ని పూర్తిగా చూస్తాడు, చూసీ తొణకడు. పట్టనివాడు చూడనే చూడడు.

మీ రూమ్మేట్ ఆ వార్త చెప్పినప్పుడు మీరు అతని ముఖం చూశారా? అతను నిలబడి ఉన్నాడా, కూర్చున్నాడా? గుర్తుందా? గుర్తు లేకపోతే మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

బిడ్డ చచ్చిపోయి, శవాన్ని చంకనేసుకుని మందు కోసం తిరిగిన కిసాగోతమి కథ మీకు తెలుసు. అనిత్యం గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి బుద్ధుడు ఆమెకి ఆ మాట చెప్పలేదు. చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆమె గడప గడపకీ తిరిగింది, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తమ ఇంటి చావు కబురు చెప్పి ఉంటారు. అర్థమయ్యేదాకా ఆమెని తిరగనిచ్చాడు. మీరేమో పాఠం చివరి వాక్యాన్ని మొదటి నిమిషంలోనే అప్పజెప్పేశారు. (నేనూ చేశాను ఈ పని. కొత్తగా ధ్యానం పట్టుబడిన రోజుల్లో మా అక్కకి ఇలాంటిదే ఏదో చెప్పాను. ఆవిడ ఇప్పటికీ సందర్భం దొరికినప్పుడల్లా అది నాకు అప్పజెబుతుంది.)

బుద్ధుడు రాహులుడికి చేసిన ఉపదేశం ఒకటుంది. అద్దం ఎందుకని అడిగి, చూసుకోవడానికని కొడుకు చెబితే, పనైనా మాటైనా ఆలోచనైనా చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నాడు, ఇది నన్నుగాని ఇంకొకర్నిగాని నొప్పిస్తుందా అని. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఉపదేశాన్ని అశోకుడు ఒక శాసనంలో పేరు పెట్టి మరీ వినమన్నాడు. మీ కొలత కూర్చున్న నిమిషాలే అయినంతకాలం ఆ అద్దంలో అమ్మ కనపడదు. ఆమె ఎనిమిదింటికే చేస్తోందంటే బహుశా అప్పటికి పని తెముల్చుకుని ఉంటుంది. మీ ధ్యానం తొమ్మిదికి జరపొచ్చు. ఆమె ఏడుస్తోందని మాత్రం రాశారు, ఎందుకో రాయలేదు. ముందు అది కనుక్కోండి.

ఒక మాట. పట్టనితనం ఒక్కోసారి సాధన వల్ల రాదు, దిగులు వల్ల వస్తుంది. దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర చెడటం, చదువు బుర్రకెక్కకపోవడం రెండు వారాలకి మించి ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. శిబిరంలో మీకు నేర్పిన గురువుకి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

భిక్షువు కావడం గురించి నేను వద్దనను, ఇప్పుడు కాదంటాను. అనడం నేను కాదు, భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం. రాహులుడికి ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) ఇచ్చేశాక బుద్ధుడి తండ్రి శుద్ధోదనుడు వచ్చి, కొడుకు వెళ్లినప్పుడు నొప్పి కలిగింది, మనవడు వెళ్లినప్పుడు ఇంకా ఎక్కువైంది, అది చర్మం కోసి ఎముక మూలుగదాకా పోతుందని మొరపెట్టుకున్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ప్రవ్రజ్య ఇవ్వకూడదన్న నియమం అప్పుడు వచ్చింది. పూర్తి భిక్షువుగా చేర్చుకునే ఉపసంపదలో అడిగే ప్రశ్నల్లో 'నీకు అప్పు లేదు కదా?' అన్నదీ ఒకటి. మిమ్మల్ని వెనక్కి లాగుతోందన్న ఆ లోన్ గురించి సంఘమే అడుగుతుంది. డిగ్రీ పూర్తిచేయండి, అప్పు తీర్చండి. అప్పటికీ మనసు అటే ఉంటే అమ్మతో కూర్చుని మాట్లాడండి. ఈలోపు వర్షావాసంలో, అంటే భిక్షువులు ఒకేచోట ఉండే వానాకాలంలో, కొన్నాళ్లు విహారంలో ఉండి చూడొచ్చు. అక్కడా గది పంచుకోవడానికి ఎవరో ఒకరుంటారు లెండి.

ఇవాళ రాత్రికి పని ఒకటి చెబుతాను. రూమ్మేట్ దగ్గరికి వెళ్లి, 'ఆ రోజు నేను మాట్లాడిన తీరు బాగాలేదు' అని ఆపేయండి. ఎందుకలా అన్నారో వివరించొద్దు, బౌద్ధం ఎత్తొద్దు. తర్వాత నాయనమ్మ అతన్ని ఏమని పిలిచేదో అడగండి. చెప్పడం మొదలుపెడితే వినండి. తొమ్మిది దాటితే దాటనివ్వండి.