మొగ దగ్గర గాలి చూసుకోవడం గురించి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పలక మీద నిలబడ్డ మనిషిని నీళ్ల మీద లాక్కుపోయే పెద్ద గాలిపటం, అదే కైట్ కొన్నావనీ, తూపిలిపాలెం దిక్కున స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, దించాలనుకుంటున్నావనీ అక్క చెప్పింది. మంచిదే. 2022లో జిల్లాలు మార్చాక మన తిరుపతికీ సముద్రం దక్కింది, వాడుకోవాలి కదా!

అందరూ గాలి ఎంతుందని అడుగుతారు. నువ్వు ముందు ఎటు నుంచని అడుగు. 12 నుంచి 20 నాట్స్, అంటే గంటకు 22-37 కిలోమీటర్లు ఉంటే నీకు చాలు. కానీ జూన్, జులై పొద్దుటిపూట అంతే గాలి పడమటి నుంచి వస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు కదలకుండా ఆశ పెడతాయి. సరుగుడు తోటల మీదుగా వచ్చే గాలి కదా, కైట్ ఒక్కసారి వాలిపోతుంది, మరుక్షణం భుజాలు ఊడేలా లాగుతుంది. ఏదైనా తెగిందా, నిన్ను తోసేది సముద్రంలోకే. ఆ గాలికి దిగొద్దు, అంతే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మధ్యాహ్నాలు మేలు. నేల కాగాక సముద్రం మీంచి గాలి మొదలై, దక్షిణం, ఆగ్నేయం నుంచి ఒడ్డు వెంబడి వీస్తుంది. అక్టోబరు తర్వాత ఈశాన్యపు గాలి బాగానే ఉంటుంది గానీ, వాయుగుండం మాట వినిపిస్తే ఇంట్లోనే ఉండు.

ఇక మొగ. మన తీరంలో పోటు మీటరుకు అటూ ఇటూ, దాంతో ఏమవుతుందిలే అనుకుంటారు. పోటు తగ్గి నీళ్లు తీసేటప్పుడు మొగలోని ఆ సన్నటి దారిలోంచే అంతా బయటికి పరుగెడుతుంది. నవంబరు వానలకు ఏరు కూడా తోడవుతుంది. ఎదురుగా సముద్రపు గాలి కొడితే ఇసుకమేట మీద అలలు నిటారుగా లేచి విరుగుతాయి. కైట్ నీళ్లలో పడ్డాక నువ్వు ఎటు పోవాలో గాలి కాదు, ఆ ప్రవాహం చెబుతుంది. అందుకే దక్షిణపు గాలి రోజున మొగకు ఉత్తరాన, బాగా దూరంగా దిగు. కొట్టుకుపోయినా మొగకు దూరంగానే పోతావు. ఈశాన్యపు గాలికైతే దక్షిణాన.

ఆపదలో కైట్‌ను నీ నుంచి వదిలించే కొక్కెం, క్విక్ రిలీజ్‌ను ప్రతిసారీ ఒడ్డున లాగి చూడు. ఇసుక ఇరుక్కుంటే బిగుసుకుపోవచ్చు, దాన్ని కడుక్కో. వలలు ఎక్కడ వేశారో పల్లెవాళ్లను అడుగు. శ్రీహరికోట వైపు మాత్రం పోవద్దు, అది ఇస్రో చోటు.

తోడు ఎవరూ లేకపోతే కైట్ బ్యాగులోంచి తీయకు. ఎన్నింటికి ఒడ్డెక్కుతావో అక్కకు చెప్పి పో.

ఇట్లు,
మామయ్య