ల్యాబ్‌లో చేతులు వణుకుతున్నాయి... నేను కోడింగ్‌కు పనికిరానా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు విజయనగరంలో హాస్టల్లో ఉండి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడ మాత్రం ల్యాబ్‌లో కూర్చుంటే చాలు గుండె దడ, చెమటలు. వైవా (నోటి పరీక్ష) రోజు పొద్దున్నే కడుపులో తిప్పుతుంది, రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాలి. ముందు రాత్రి నిద్ర ఉండదు. ప్రోగ్రాములు స్నేహితురాలి దగ్గర చూసి రాసేస్తున్నాను. ఒక సబ్జెక్టు తప్పాను. నాకు తెలివి లేదా? బ్రాంచ్ మారాలా? మందులేమైనా వాడాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తెలివి లేకపోతే ఇంటర్‌లో ఆ మార్కులు వచ్చేవి కావమ్మా. ఆ మాట ముందు మనసులోంచి తీసేయండి. గుండె దడ, కడుపులో తిప్పడం భయానికి శరీరం ఇచ్చే జవాబులు. అడ్రినలిన్ పెరిగితే గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, పేగుల కదలిక మారుతుంది. వైవా బాగా చెప్పే పిల్లలకూ ఎంతోకొంత ఇది ఉంటుంది. వాళ్లు దాన్ని ‘టెన్షన్‌గా ఉంది’ అనుకుని ఊరుకుంటారు. మీరు ‘నాకు రాదు అనడానికి ఇదే గుర్తు’ అనుకుంటున్నారు. తేడా అక్కడే వస్తోంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీరు మధ్యలో రాసిన ముక్క: చూసి రాసేస్తున్నాను. ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకాన్ని సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బండూరా 1977లో సెల్ఫ్ ఎఫికసీ పేరుతో వివరించారు. సొంతంగా ఒక పని చేసి గట్టెక్కడం, మనలాంటివాళ్లు గట్టెక్కడం చూడటం, నమ్మదగినవాళ్లు చెప్పే మాట, శరీరంలో కలిగే దడను మనం అర్థం చేసుకునే తీరు, వీటి నుంచే అది పుడుతుందన్నారు. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువ. చూసి రాస్తే అవుట్‌పుట్ వస్తుంది, రికార్డు మీద సంతకమూ పడుతుంది. కానీ ‘ఇది నేను చేశాను’ అని మీ మనసు ఒప్పుకోదు. చాట్ జీపీటీ ఇచ్చిన కోడ్‌నైనా, అర్థం చేసుకోకుండా దించేస్తే అంతే. వచ్చే వారం భయం ఇంకాస్త పెరుగుతుంది. నాగావళి గట్టు మీద కూర్చుంటే ఈత రాదు కదా.

అలాగని ఒకేసారి లింక్డ్ లిస్ట్ లాంటి పెద్ద ప్రోగ్రామ్ మొత్తం రాసేయమని నేను చెప్పను. మొదటి సంవత్సరం సి లాంగ్వేజ్ పుస్తకంలోంచి సరి, బేసి సంఖ్యలు చెప్పే చిన్న ప్రోగ్రామ్ తీసుకోండి. చూడకుండా రాయండి. రన్ చేసే ముందు ఏ అవుట్‌పుట్ వస్తుందో కాగితం మీద రాసుకోండి. వచ్చాక ఒక్క లైన్ మార్చి మళ్లీ ఊహించండి. రోజూ అరగంట చాలు, కానీ రోజూ. అక్కడి నుంచి అర్రేలు, పాయింటర్లు లాంటి తర్వాతి పాఠాలకు వెళ్లండి.

ఎర్రర్లు చూసి హడలిపోకండి. ఒక సెమికోలన్ (;) మర్చిపోతే కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను కంప్యూటర్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) చాలాసార్లు తర్వాతి లైన్‌లో తప్పుందని చూపిస్తుంది. ఒక్క తప్పుకు స్క్రీన్ నిండా మెసేజ్‌లు పడొచ్చు. అన్నీ చదవకుండా మొదటిదొక్కటి సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. మిగతావాటిలో సగం వాటంతటవే పోవచ్చు. ఏ ఎర్రర్ ఎలా పోయిందో ఒక నోట్‌బుక్‌లో తెలుగులోనే రాసుకోండి. వైవా ముందు రాత్రి చదవాల్సింది ఆ నోట్‌బుక్కే.

క్లాస్ టాపర్‌తో పోల్చుకోవద్దు. తెలుగు మీడియం నుంచి వచ్చి, ఒకటో రెండో సబ్జెక్టులు తప్పి, మళ్లీ రాసి పాసైన సీనియర్లు మీ హాస్టల్లోనే ఉంటారు. అలాంటి అక్కను ఒకరిని పట్టుకుని, ఎలా గట్టెక్కిందో అడగండి, పక్కన కూర్చుని ఒక ప్రోగ్రామ్ రాయించుకోండి. ఇది చదివే లెక్చరర్లకూ ఒక విన్నపం. అందరి ముందూ ‘ఇది కూడా రాదా?’ అనకండి. ‘లూప్ సరిగ్గా రాశావు, కండిషన్ ఒక్కటి చూసుకో’ అంటే ఆ పిల్ల మళ్లీ ప్రయత్నిస్తుంది.

బ్రాంచ్ సంగతి ఇప్పుడు వద్దు. నిద్ర కుదుటపడి, ఆ సబ్జెక్టు పాసయ్యాక చూద్దాం. భయంలో తీసుకున్న నిర్ణయాలకు తర్వాత బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మందులు. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడే మాత్రలు అక్కర్లేదనిపిస్తోంది. అయితే ఒకసారి డాక్టర్‌కు చూపించుకుని హీమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, దానివల్లా దడ, నీరసం వస్తాయి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానండి. పరీక్ష ముందు రోజైనా నిద్ర చెడగొట్టుకోవద్దు, చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. దడ తగ్గుతుందని స్నేహితులిచ్చే మాత్రలు అస్సలు వేసుకోవద్దు. వాటిలో కొన్ని ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం.

బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, కడుపునొప్పికి రాత్రి మెలకువ వస్తున్నా అది ఒట్టి టెన్షన్ అనుకోకండి, వెంటనే చూపించుకోండి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ల్యాబ్ ఉందని కాలేజీయే మానేస్తున్నా మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. వెంటనే పక్కనున్నవాళ్లకో ఇంట్లోవాళ్లకో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్. ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.