బత్తాయి విరగపూసిందని మురిసిపోకండి

ప్రశ్న: 11 ఏళ్ల సాత్‌గుడి బత్తాయి తోట, 6 ఎకరాలు, చల్కా (ఎర్రటి తేలిక) నేల. నిరుడు, అంతకుముందేడు సీజన్ కాపు, కత్తెర కాపు (సీజన్ కాని రెండో కాపు) రెండూ తీశాను. ఈ ఎండాకాలం కత్తెర పూత కోసం రెండు నెలలు నీళ్లు ఆపాను. ఎన్నడూ లేనంత పూత వచ్చింది. ఇప్పుడు 40 చెట్ల దాకా ఆకు పాలిపోయి, ఒక పక్క కొమ్మలు ఎండుతున్నాయి. కాయ గోలీ అంత దగ్గరే ఆగింది. షాపులో వైరస్ అన్నారు. ప్రొఫెనోఫాస్‌తో కలిపి నాలుగుసార్లు మందులు కొట్టాను, టానిక్ కూడా పోశాను. పిల్లలు పట్నంలో ఉన్నారు, తోటంతా నేనొక్కడినే చూసుకోవాలి. కంటి మీద కునుకు లేదు, చేతులు వణుకుతున్నాయి. చెట్టుకూ నాకూ ఒకేసారి జబ్బు పట్టినట్టుంది. ఇంకేం కొట్టాలి?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఏమీ కొట్టొద్దు. ముందు పంపు కింద పెట్టండి.

మీరు చెప్పిన లక్షణాలకు వైరస్ కంటే ఎండు వేరుకుళ్ళు తెగులే సరిపోతుంది. ఎండుతున్న కొమ్మ ఏ వైపు ఉందో ఆ వైపే పాదులో అడుగు లోతు తవ్వి వేరు చూడండి. బెరడు వేలితో లాగితే ఊడివచ్చి, లోపలి చెక్క గోధుమ రంగుకు తిరిగి, చెడు వాసన వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ తెగులు నేలలోని ఫ్యుజేరియం శిలీంధ్రం వల్ల వస్తుంది. చాలా తోటల్లో అది ఉండనే ఉంటుంది, బలంగా ఉన్న వేరును అంత తేలిగ్గా పట్టదు. ఆ వేరును నీరసింపజేసింది మీరే.

బత్తాయిని కొన్నాళ్లు ఎండగడితే పూస్తుంది, నిజమే. చల్కా నేలల్లో అందుకు రెండు మూడు వారాలు చాలు, నల్లరేగడిలో నాలుగు నుంచి ఆరు వారాలు. మీరు చల్కాలో, అదీ నడి ఎండాకాలంలో, రెండు నెలలు ఆపారు. హద్దు ఎక్కడుందో చెట్టే చెబుతుంది. మధ్యాహ్నం ఆకు ముడుచుకుంటే కంగారు పడనక్కర్లేదు, ఎండకు ఆకు రంధ్రాలు మూసుకుని చెట్టు తన నీళ్లు తాను కాపాడుకుంటోంది. తెల్లవారుజామున కూడా ఆకు విచ్చుకోలేదంటే మాత్రం రాత్రంతా గడిచినా కోలుకోలేదన్నమాట. ఆ రోజే నీళ్లివ్వాలి. ఒకేసారి పారించకుండా మొదట పలుచగా, నాలుగైదు రోజులకు నిండుగా ఇవ్వండి.

ఇక మీరు సంబరపడ్డ పూత సంగతి. వేరు చెడిన బత్తాయి ఎండిపోయే ముందు విపరీతంగా పూసి, పిందెలతోనే నిలబడిపోతుంది. ఆకు తయారుచేసిన పిండిపదార్థాన్ని కాయ ముందు లాక్కుంటుంది, మిగిలితేనే వేరుకు. వరసగా రెండేళ్లు రెండేసి కాపులు తీయడమంటే విత్తనాల గింజలు వండుకుని తినడమే. ఫ్లోరిడాలో మర్కాట్ అనే కమలా జాతి రకం ఒక్క ఏడు విరగకాసి, వేర్లలో నిల్వలు అయిపోయి, చెట్టుకు చెట్టే చచ్చిపోవడం శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చూస్తున్నారు. దానికి పురుగూ లేదు, వైరసూ లేదు.

బత్తాయికి వచ్చిన పూతలో నూటికి ఐదు కూడా కోతదాకా నిలవవు. మోయలేనిదాన్ని చెట్టే రాల్చుకుంటుంది. అది చూసి మనం బెంబేలెత్తి షాపుకు పరుగెత్తుతాం, అక్కడ రాలకుండా ఒక మందు, ఊరడానికి ఒక మందు, పచ్చదనానికి ఒక టానిక్ అంటగడతారు. వేరు తవ్వి చూడకుండా కౌంటర్ వెనక నుంచే వైరస్ అని తేల్చిన మనిషి మాట మీద నాలుగుసార్లు పిచికారీ చేశారే! వైరస్‌కు మందే లేదు, మరి ఆ నాలుగు డబ్బాలు దేనికి అమ్మినట్టు?

చేయాల్సింది ఇది. తెగులు సోకిన 40 చెట్ల మీద కాయలన్నీ ఈ వారంలోనే తీసేయండి. మనసొప్పదు, అయినా తీయాలి. ఎండు కొమ్మలను పచ్చి చెక్క వచ్చేదాకా కత్తిరించి, కోసిన చోట బోర్డో పేస్టు పూయండి (మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీరు 10 లీటర్లు). పాదును 1 శాతం బోర్డో మిశ్రమంతో, చెట్టుకు 25 లీటర్ల చొప్పున తడపండి. 40 చెట్లకు మైలుతుత్తం 10 కిలోలు, సున్నం 10 కిలోలు, నీరు 1,000 లీటర్లు కావాలి. ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనే కలపండి, ఇనుప కత్తి ముంచితే తుప్పు రంగు పట్టినంతసేపూ ఇంకాస్త సున్నం పోయండి, కలిపిన రోజే వాడేయండి. నెల ఆగాక ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాన్ని అణచే మేలు శిలీంధ్రం): 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి, చెట్టుకు 10 కిలోలు వేయండి (ఈ పాళ్లు పది చెట్లకు వస్తాయి). బోర్డోతో పాటే వేస్తే ట్రైకోడెర్మా చస్తుంది.

పాదుల్లో నాగలి పెట్టొద్దు, వేళ్లు తెగిన చోటే తెగులు దూరుతుంది. నీరు మొదలుకు తగలకుండా రెండు వరుసల పాదు చేయండి. కొత్త చిగురు వచ్చేదాకా ఈ చెట్లకు యూరియా వద్దు. మిగతా తోటలో ఇకనుంచి ఏడాదికి ఒక్కటే కాపు. జబ్బు చెట్లను వచ్చే ఏడాది అసలు ఎండగట్టకండి.

మీ సంగతి నా శాస్త్రం కాదు, కానీ చదివి ఊరుకోలేను. ఆరెకరాలు ఒక్కరే మోయలేరు. రెండెకరాలు ఎవరికైనా కౌలుకివ్వండి, లేదా పిల్లలను అడగండి. చెట్టు మిట్టమధ్యాహ్నం పని ఆపేస్తుంది, మీరు ఆపరు. పైగా చేతుల వణుకు నిద్రలేమి వల్లేనని తీర్మానించుకోకండి. ప్రొఫెనోఫాస్ ఆర్గానోఫాస్ఫరస్ మందు, ఒంటికి పడితే నరాల మీద పనిచేస్తుంది. మందు కొట్టిన రోజు తలనొప్పి, చెమటలు, చూపు మసకబారడం ఉన్నాయా గుర్తు చేసుకోండి. రేపే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, ఖాళీ డబ్బా లేబుల్‌తో సహా డాక్టరుకు చూపించండి. వేరు నమూనా, అడుగు లోతు మట్టి ఆ తర్వాత దగ్గర్లోని ఉద్యాన పరిశోధన కేంద్రానికి తెచ్చివ్వండి.